గొర్రె పిట్యూటరీ, 42 డాల్టన్లు, నా పీహెచ్‌డీ

పిట్యూటరీ (మెదడు కిందుండే చిన్న హార్మోన్ గ్రంథి) నుంచి పెప్టైడ్ హార్మోన్లు, అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసులు, తీయడం చాలా కష్టమని అందరూ అంటారు గానీ, తీయడం పెద్ద సమస్య కాదండీ. తీసిన పెప్టైడ్ మీద ఏదో రసాయన మార్పు కనిపించినప్పుడు, అది గ్రంథిలోనే జరిగిందా లేక నా ఆసిడ్లలో, నా ట్యూబుల్లో నా చేతుల మీదుగా జరిగిందా అని తేల్చడంలోనే నా పీహెచ్‌డీలో ఎక్కువ భాగం పోయింది. పెప్టైడ్ పని మొదలుపెట్టబోయే జూనియర్లు తరచూ అడుగుతున్నారు కాబట్టి, ఒక్కసారి కూర్చుని అంతా రాసేస్తున్నాను. పొడుగ్గానే ఉంటుంది.

ముందు విషయం ఏంటో చెప్తాను. పిట్యూటరీలో పోమ్‌సీ అని ఒక పెద్ద ప్రోటీన్ తయారవుతుంది. దాన్ని ఎంజైములు ముక్కలు ముక్కలుగా కోస్తాయి. ముందు లోబ్‌లో ప్రధానంగా 39 అమైనో ఆమ్లాల ఏసీటీహెచ్ అనే హార్మోన్ దగ్గర ఆగుతుంది, మధ్య లోబ్‌లో మాత్రం ఆ ఏసీటీహెచ్‌ని కూడా మళ్లీ కోసి మొదటి 13 అమైనో ఆమ్లాలతో ఆల్ఫా-ఎంఎస్‌హెచ్ చేస్తాయి, అంటే కప్ప చర్మాన్ని నల్లగా చేసే ఆ పాత హార్మోనే. కోయడంతో పని అయిపోదు. గొలుసు తోక చివర ఆమైడ్ అనే చిన్న నైట్రోజన్ గుంపు పెట్టాలి, తల దగ్గరున్న సెరీన్ అనే అమైనో ఆమ్లం మీద ఎసిటైల్ అనే చిన్న గుంపు పెట్టాలి, దానివల్ల బరువు 42 డాల్టన్లు పెరుగుతుంది (డాల్టన్ అంటే దాదాపు ఒక హైడ్రోజన్ పరమాణువు బరువు). ఆమైడ్ పెట్టే ఎంజైముకి రాగి, విటమిన్ సీ, ఆక్సిజన్ మూడూ కావాలి, పక్కనున్న గ్లైసీన్‌ని విరగ్గొట్టి దాని నైట్రోజన్‌ని వాడుకుంటుంది. బ్రాడ్‌బరీ, ఫిన్నీ, స్మిత్ 1982లో పంది పిట్యూటరీతోనే దీన్ని చూపించారు. ఎసిటైల్ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. అదే కణంలో ఆల్ఫా-ఎంఎస్‌హెచ్‌కి ఎసిటైల్ పెడితే దాని పని పెరుగుతుంది, పోమ్‌సీ నుంచే వచ్చే బీటా-ఎండార్ఫిన్‌కి పెడితే దాని నొప్పి తగ్గించే గుణం పూర్తిగా పోతుంది. ఒకే మార్పు ఒకదాన్ని లేపి ఇంకోదాన్ని పడుకోబెడుతుంది. నన్ను ఈ టాపిక్‌లోకి లాగింది ఇదే, మిగతావన్నీ తర్వాత అంటుకున్నాయి.

ఎలుకలతో చేయొచ్చు, చాలామంది చేశారు కూడా. కానీ ఎలుక పిట్యూటరీ మొత్తం కలిపి పది మిల్లీగ్రాములు ఉంటుందంతే, అందులో మధ్య లోబ్ ఎంతుంటుందో ఊహించుకోండి. మా గైడ్ గారు గొర్రె తీసుకోమన్నారు. గొర్రెలో మధ్య లోబ్ బాగా ఎదిగి ఉంటుంది, గ్రంథి శనగ గింజ కంటే కాస్త పెద్దదిగా చేతికి దొరుకుతుంది, పైగా హైదరాబాద్‌లో గొర్రె తలలకు కొదవా?

కొదవ లేదు గానీ చిక్కులు ఉన్నాయి. మొదటిది, మన దగ్గర తలకాయని కాల్చి అమ్ముతారు. బొచ్చు పోవాలని మంట మీద పెట్టిన తల నాకు దేనికీ పనికిరాదు, లోపల కణజాలం సగం ఉడికి ఉంటుంది. కాబట్టి కాల్చకముందే, కోసిన కొద్ది నిమిషాల్లోనే పట్టుకోవాలి. రెండోది, భేజా కోసం తలని నిలువునా రెండు చెక్కలు చేస్తారు. పిట్యూటరీ సరిగ్గా నడి గీత మీదే, మెదడు కింద ఎముకలో ఉన్న చిన్న గుంటలో కూర్చుని ఉంటుంది, ఆ కత్తి దెబ్బ నేరుగా దాని మీదే పడుతుంది. పైనుంచి టోపీ తీసినట్టు అడ్డంగా కొట్టి మెదడు ఎత్తితే కాడ తెగిపోయి గ్రంథి గుంటలోనే మిగులుతుంది, దాని మీద ఉన్న గట్టి పొరని చిన్న కత్తెరతో చీల్చి స్పాచులాతో తీసుకోవాలి. ఊరవతల కబేళాలో తలలు కొట్టే అన్నకి ఇది అర్థమయ్యేలా చెప్పడానికి ఒక ఎండిన పుర్రె తీసుకెళ్లాను. ఆయన చూసి, "గింత చిన్నదాని కోసం గింత తిప్పలా మేడం? దీనితోని మందు జేస్తరా?" అన్నాడు. మందు కాదన్నా, చదువు అన్నాను. నవ్వి, తలకి ఇంత అని రేటు మాట్లాడుకున్నాడు, ఎందుకంటే అడ్డంగా కొడితే భేజా చిదురుతుంది, చిదిరిన భేజాకి ధర రాదు. న్యాయమైన మాటే. తర్వాత్తర్వాత ఆయనకి నా కంటే బాగా అలవాటైపోయింది, గ్రంథి ఎక్కడ చితికిందో, ఎక్కడ బాగుందో ముందే చెప్పేసేవాడు.

ఇలా గ్రంథులు పోగేయడం ఈ రంగంలో పాత సంప్రదాయమే అనుకోండి. చో హావ్ లీ 1976లో బీటా-ఎండార్ఫిన్‌ని తీసింది ఒంటె పిట్యూటరీల నుంచి, అవి ఇరాక్ నుంచి వచ్చినవి. ఆయన వెతికింది ఇంకో హార్మోన్, దొరికింది ఇది. షాలీ అనే శాస్త్రవేత్త టీఆర్‌హెచ్ అనే ఇంకో హార్మోన్ కోసం పంది హైపోథాలమస్‌లు (పిట్యూటరీకి పైనుండే మెదడు భాగాలు) లక్ష దాకా నలిపాడని చదివినప్పుడు నా ఐస్‌బాక్స్ చూసుకుని కాస్త ధైర్యం తెచ్చుకునేదాన్ని.

గ్రంథిని తీసిన వెంటనే డ్రై ఐస్ మీద పెట్టేసేదాన్ని. ఒట్టి ఐస్ సరిపోదు. చచ్చిన కణాల్లో ప్రోటీన్లు కోసే ఎంజైములు ఆగవు, కోస్తూనే ఉంటాయి, గంట ఆలస్యమైతే వచ్చే ముక్కల్లో ఏది హార్మోనో ఏది చెత్తో చెప్పలేం. ల్యాబ్‌కి వచ్చాక సగం కరిగీ కరగనట్టు ఉన్నప్పుడే స్టీరియో మైక్రోస్కోప్ కింద, చల్లటి పలక మీద లోబ్‌లు విడదీయాలి. ముందు లోబ్ గులాబీ-గోధుమ రంగులో ఉంటుంది, వెనక లోబ్ తెల్లగా. మధ్య లోబ్ ఆ వెనక దానికి అంటుకుని ఉంటుంది, ముందు దానికీ దీనికీ మధ్య సన్నటి చీలిక ఉంటుంది, ఆ చీలిక దొరికితే పని సగం అయినట్టే. మధ్య లోబ్‌ని ఒక్కదాన్నే తీద్దామని తెగ తంటాలు పడాల్సిన అవసరం లేదు. వెనక లోబ్‌తో కలిపే తీసుకోండి, దానివల్ల ఆక్సిటోసిన్, వాసోప్రెసిన్ అనే వెనక లోబ్ హార్మోన్లు ఎలాగూ వస్తాయి, మాస్ స్పెక్ట్రోమీటర్‌లో (అణువుల బరువు తూచే యంత్రం) 1007.44 దగ్గర ఒకటి, 1084.45 దగ్గర ఇంకోటి. ఎక్స్‌ట్రాక్షన్ సరిగ్గా జరిగిందా లేదా అన్నది ఆ రెండు పీకులే చెప్పేస్తాయి. అవి లేకపోతే ఆ బ్యాచ్‌ని అక్కడే వదిలేసేదాన్ని.

ఎక్స్‌ట్రాక్షన్‌కి మా ల్యాబ్‌లో ఎప్పటినుంచో వాడే ఆసిడ్ మిశ్రమం ఉంది: 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆసిడ్, 5 శాతం ఫార్మిక్ ఆసిడ్, 1 శాతం టీఎఫ్‌ఏ (ట్రైఫ్లోరోఎసిటిక్ ఆసిడ్), 1 శాతం ఉప్పు. ఇది కొత్తదేం కాదు, పిట్యూటరీ పెప్టైడ్ల వాళ్లు దశాబ్దాలుగా వాడుతున్నదే. ఇంత ఆసిడ్‌లో పడగానే ఎంజైములు చచ్చిపోతాయి, పెద్ద ప్రోటీన్లు చాలా మటుకు గడ్డకట్టి కిందికి దిగుతాయి, చిన్న పెప్టైడ్లు పైన ద్రవంలో మిగులుతాయి. గాజు హోమోజినైజర్‌లో ఐస్ మీదే నలపడం, చల్లటి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పడం, పైది తీసుకుని సీ-18 కార్ట్రిడ్జ్‌లోకి (పెప్టైడ్లు అంటుకునే జిడ్డు పదార్థం నింపిన చిన్న గొట్టం) పోయడం. కార్ట్రిడ్జ్‌ని ముందు ఎసిటోనైట్రైల్ అనే ద్రావకంతో తడపాలి, తర్వాత 0.1 శాతం టీఎఫ్‌ఏతో కడగాలి, శాంపిల్ పోసేవరకు ఎండనివ్వకూడదు. ఉప్పులు, చక్కెరలు అన్నీ కడుగుళ్లలో వెళ్లిపోతాయి, పెప్టైడ్లు అంటుకుంటాయి, 80 శాతం ఎసిటోనైట్రైల్‌తో దించుకోవాలి. ఇక్కడనుంచి గాజు ట్యూబులు బంద్. ఇలాంటి పాజిటివ్ చార్జ్ ఉన్న పెప్టైడ్లు గాజుకి పట్టుకుంటాయి, ఎంత కొద్దిగా ఉంటే అంత ఎక్కువ నష్టం. పాలీప్రొపిలీన్ మాత్రమే.

పూర్తిగా పొడిగా ఎండబెట్టడం గురించి ఒక మాట. చాలామంది రాత్రంతా స్పీడ్‌వ్యాక్‌లో (వాక్యూమ్‌లో తిప్పి ఆరబెట్టే యంత్రం) వదిలేసి పొద్దున్న వస్తారు. ఎసిటోనైట్రైల్ ఎగిరిపోయి కాస్త నీళ్లు మిగిలినప్పుడే ఆపేయండి, ఎండిన పెప్టైడ్ మళ్లీ పూర్తిగా కరుగుతుందన్న గ్యారంటీ లేదు.

తర్వాత హెచ్‌పీఎల్‌సీ, అంటే ద్రవాన్ని కాలమ్ గుండా నెట్టి పెప్టైడ్లని విడదీసి, దిగినవాటిని ఫ్రాక్షన్లుగా వేర్వేరు ట్యూబుల్లో పట్టడం. మొదటి రౌండ్ సీ-18 కాలమ్, 0.1 శాతం టీఎఫ్‌ఏ, ఎసిటోనైట్రైల్‌ని మెల్లగా పెంచుకుంటూ పోవడం. 214 నానోమీటర్ల యూవీ కాంతి దగ్గర చూస్తే పెప్టైడ్ బంధం ఉన్న ప్రతిదీ కనిపిస్తుంది, అంటే అడవి. 280 దగ్గర కూడా చూస్తే ట్రిప్టోఫాన్, టైరోసిన్ ఉన్నవే పైకి లేస్తాయి, ఆల్ఫా-ఎంఎస్‌హెచ్‌లో రెండూ ఉన్నాయి కాబట్టి వెతకడం సులువవుతుంది. ఒక్క రౌండ్‌తో మాత్రం ఏ ఫ్రాక్షనూ శుభ్రంగా రాదు. రెండో రౌండ్‌లో అదే కాలమ్, అదే ఎసిటోనైట్రైల్, టీఎఫ్‌ఏ బదులు హెచ్‌ఎఫ్‌బీఏ (హెప్టాఫ్లోరోబ్యుటిరిక్ ఆసిడ్). వినడానికి చిన్న మార్పే, కానీ హెచ్‌ఎఫ్‌బీఏ పెప్టైడ్ మీది పాజిటివ్ చార్జ్‌ని పట్టుకుని దానికి ఇంకా జిడ్డుతనం ఇస్తుంది, చార్జ్ ఎక్కువున్న పెప్టైడ్ ఎక్కువ వెనక్కి జరుగుతుంది. అందువల్ల టీఎఫ్‌ఏలో కలిసి దిగినవి ఇక్కడ విడిపోతాయి. నాకు దీంట్లో ఇంకో లాభం దొరికింది. ఎసిటైల్ లేని ఎంఎస్‌హెచ్‌కి తల దగ్గర ఒక చార్జ్ ఎక్కువ, కాబట్టి టీఎఫ్‌ఏలో అది ఎసిటైల్ ఉన్నదానికంటే బాగా ముందు దిగుతుంది, హెచ్‌ఎఫ్‌బీఏలో ఆ దూరం తగ్గుతుంది. అంటే మాస్ చూడకముందే, రెండు సాల్వెంట్లలో ఎంత జరిగిందో చూసి తల మూసుకుందో తెరుచుకుందో అంచనా వేయొచ్చు. ఎండాకాలం గ్రేడియంట్ మధ్యలో కరెంట్ పోయిన రోజులు ఉన్నాయి, ఆ టెన్షన్ గురించి ఎక్కువ చెప్పను, మీరూ పడతారు. పంపుకీ డిటెక్టర్‌కీ యూపీఎస్ ఉంటే చాలదు, ఫ్రాక్షన్ కలెక్టర్‌కి కూడా ఉండాలి.

ఇక మాల్డీ, లేజర్‌తో పెప్టైడ్‌ని లేపి బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్. నిజం చెప్పాలంటే ఇక్కడ ఆనందం తొందరగానే వచ్చింది. 280లో బాగా లేచిన పీక్ నుంచి ఒక చుక్క ప్లేట్ మీద పెడితే 1664.80. ఎసిటైల్, ఆమైడ్ రెండూ ఉన్న ఆల్ఫా-ఎంఎస్‌హెచ్ మాస్ సరిగ్గా అదే. ముందు ఫ్రాక్షన్‌లో 1622.79, ఎసిటైల్ లేనిది. వెనక ఫ్రాక్షన్‌లో 1706.81, అంటే ఇంకో 42 ఎక్కువ, రెండు ఎసిటైళ్లు. వీటికి తోడు ప్రతిదానికీ పక్కనే 16 ఎక్కువున్న తమ్ముడు, నాలుగో స్థానంలో ఉన్న మిథియోనిన్ ఆక్సిడైజ్ అయినది. ల్యాబ్‌లో అందరికీ చూపించాను. మా గైడ్ గారు చూసి ఒకే ప్రశ్న వేశారు: "ఇందులో గొర్రెది ఎంత, నీది ఎంత?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి చాలా కాలం పట్టింది.

పాత రోజుల్లో అయితే ఎడ్మన్ పద్ధతిలో తల నుంచి ఒక్కో అమైనో ఆమ్లం ఊడదీసి సీక్వెన్స్ చదివేవారు. దానికి తల దగ్గర అమైన్ ఖాళీగా ఉండాలి. ఎసిటైల్ కూర్చుంటే మెషిన్ మొదటి మెట్టులోనే ఆగిపోతుంది, ఏమీ రాదు. హ్యారిస్, లెర్నర్ 1957లో పంది పిట్యూటరీ నుంచి ఈ 13 అమైనో ఆమ్లాల వరుస ఇచ్చారంటే, మాస్ స్పెక్ట్రోమీటర్ లేని కాలంలో, ఎంత ఓపిక కావాలో ఆలోచించండి. మాకు పెప్టైడ్‌ని విరగ్గొట్టి ముక్కల్ని తూచే టాండెమ్ మాస్ ఉంది కాబట్టి బతికిపోయాం. పెప్టైడ్‌ని విరగ్గొడితే మొదటి రెండు అమైనో ఆమ్లాల ముక్క, సెరీన్-టైరోసిన్, ఎసిటైల్ లేకపోతే 251.10 దగ్గర, ఒకటి ఉంటే 293.11 దగ్గర, రెండుంటే 335.12 దగ్గర వస్తుంది. నాకు మూడు శాంపిళ్లలో మూడూ వరుసగా వచ్చాయి. రెండు ఎసిటైళ్ల దాంట్లో రెండోది టైరోసిన్ మీద ఉందేమో అన్న అనుమానం మిగిలింది, కానీ 136.08 దగ్గర మామూలు టైరోసిన్ గుర్తు చక్కగా ఉంది, ఎసిటైల్ ఎక్కిన టైరోసిన్ కనిపించాల్సిన 178 దగ్గర ఏమీ లేదు. కాబట్టి రెండూ మొదటి సెరీన్ మీదే: ఒకటి నైట్రోజన్ మీద, ఒకటి ఆక్సిజన్ మీద. ఆక్సిజన్ మీదిది బలహీనమైన బంధం. హైడ్రాక్సిల్‌అమైన్‌లో కాసేపు ఉంచితే 1706.81 తగ్గి 1664.80 పెరిగింది, దాని కిందికి మాత్రం దిగలేదు, నైట్రోజన్ మీదిది కదల్లేదన్నమాట. ఇంకో సంగతి, ట్రిప్సిన్ (పెప్టైడ్లని కోసే ఎంజైము) వేయడానికి రాత్రంతా పీహెచ్ 8 దగ్గర వదిలేస్తే ఈ రెండో ఎసిటైల్ చాలా వరకు రాలిపోతుంది. రెండు ఎసిటైళ్ల రూపం ఎవరికైనా దొరకలేదంటే, కారణం గ్రంథి కాకపోవచ్చు.

తోక సంగతి ఇంకో రకం తలనొప్పి. ఆమైడ్‌కీ మామూలు ఆసిడ్ తోకకీ తేడా ఒక్క డాల్టన్ కూడా పూర్తిగా లేదు, 0.98. ఆమైడ్ రూపంలో కార్బన్-13 వల్ల వచ్చే రెండో పీక్, ఆసిడ్ రూపం మొదటి పీక్ ఒకదాని మీద ఒకటి పడతాయి. ట్రిప్సిన్‌తో కోస్తే చివరి ఐదు అమైనో ఆమ్లాల ముక్క విడిగా వస్తుంది, ఆమైడ్ ఉంటే 585.35, లేకపోతే 586.33. ముక్క చిన్నదైతే కార్బన్లు తక్కువ, రెండో పీక్ కూడా చిన్నది, అప్పుడు పోల్చి చెప్పొచ్చు. నాకు 585.35 వచ్చింది, దాని పక్క పీక్ ఉండాల్సినంతే ఉంది.

ఇప్పుడు గైడ్ గారి ప్రశ్న. ఎసిటైల్ లేని ఎంఎస్‌హెచ్‌ని చివరి వాలీన్‌లో బరువైన కార్బన్, నైట్రోజన్ పెట్టి సింథసైజ్ చేయించాం, మామూలుదానికంటే 6.01 ఎక్కువ బరువు, 1628.80. ఖరీదే, అయినా ఈ ప్రాజెక్ట్‌లో పెట్టిన డబ్బులన్నిట్లో సార్థకమైనది అదే. గ్రంథిని నలిపేటప్పుడు ఆసిడ్‌లో దీన్ని కలిపేసి చివరి దాకా అన్ని మెట్లూ దాటించాం. దాని మీద ఏ మార్పు కనిపిస్తే అది నా చేతుల్లో జరిగిందే, గొర్రెకి సంబంధం లేదు. 1670.81 దగ్గర ఏమైనా లేస్తుందా అని చూశాం, అంటే బరువైనదానికి ఎసిటైల్ అంటుకుందా అని. నాయిస్‌కి మించి ఏమీ లేదు. కాబట్టి ఎసిటైల్ గొర్రెదే. కానీ 1644.80 దగ్గర మాత్రం బరువైనది బాగానే లేచింది, ఆక్సిడైజ్ అయిన రూపం. గ్రంథి నుంచి వచ్చిన దాంట్లోనూ దాదాపు అదే నిష్పత్తిలో ఉంది. అంటే ఆ ఆక్సిడేషన్ అంతా గాలిది, నా ఎక్స్‌ట్రాక్షన్‌ది. ఆ రూపాన్ని థీసిస్‌లో సహజ మార్పుల పట్టికలోంచి తీసేశాను, మనసు ఒప్పుకోకపోయినా. కొన్ని పేపర్లలో ఈ 16ని ఎలాంటి కంట్రోల్ లేకుండా "కొత్త రూపం" అని రాసేస్తారు, చూస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అదే బరువైన పెప్టైడ్ ఇంకో దొంగని కూడా పట్టించింది. ఫార్మిక్ ఆసిడ్ ఉన్న ఎక్స్‌ట్రాక్ట్‌ని బయట గది వేడిలో చాలా సేపు ఉంచితే 1656.80 దగ్గర కొత్త పీక్ పుడుతుంది, 28 ఎక్కువ. సెరీన్ మీద ఫార్మిల్ ఎక్కుతుంది. చల్లగా ఉంచి, తొందరగా కార్ట్రిడ్జ్ దాటించేస్తే రాదు.

ఫాస్ఫేట్ అనే ఇంకో మార్పు కోసం గొర్రెని నమ్ముకోలేదు. ఏసీటీహెచ్ వెనక సగం ముక్కలో 31వ సెరీన్ మీద ఫాస్ఫేట్ మనిషిలో, ఎలుకలో తెలిసిన విషయమే. ఆ ఫాస్ఫేట్ పెట్టే ఎంజైముకి సెరీన్ తర్వాత రెండో స్థానంలో గ్లుటామిక్ ఆసిడ్ ఉంటే ఇష్టం. గొర్రెలో అక్కడ గ్లుటామైన్ ఉంది, పందిలో అయితే సెరీనే లేదు, లూసీన్. అందుకే పక్క ల్యాబ్ వాళ్లు ఎథిక్స్ కమిటీ అనుమతితో వేరే పని కోసం తీస్తున్న ఎలుకల పిట్యూటరీలు అడిగి తెచ్చుకున్నాను. ఆ వెనక సగం ముక్క 2506.26, ఫాస్ఫేట్‌తో దాని పైన 80 ఎక్కువగా 2586.23, విరగ్గొడితే ఫాస్ఫేట్ 98గా ఊడిపోవడం, అన్నీ పుస్తకంలో చెప్పినట్టే ఒక్క వారంలోపే వచ్చేశాయి. దాని గురించి రాయడానికి అంతకంటే ఏమీ లేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కాలమ్ కొనకముందే బరువైన స్టాండర్డ్ ఆర్డర్ చేయండి, అది రావడానికే నెలలు పడుతుంది. ఎసిటోనైట్రైల్‌కి బడ్జెట్‌లో అనుకున్నదానికి రెట్టింపు రాసుకోండి. ప్రతి బ్యాచ్‌లో కాస్త ఎక్స్‌ట్రాక్ట్‌ని మైనస్ 80లో వేరుగా దాచండి, ఏడాది తర్వాత ఎవరో రివ్యూయర్ అడుగుతాడు.

బీటా-ఎండార్ఫిన్ వైపు మాత్రం పని ఇంకా నడుస్తోంది. ట్రిప్సిన్ కోసిన మొదటి ముక్కలో టైరోసిన్ నుంచి నాలుగు అమైనో ఆమ్లాల గుర్తు 425.18 దగ్గరా, ఎసిటైల్‌తో 467.19 దగ్గరా రెండూ కనిపిస్తున్నాయి. దానికి సరిపడే బరువైన స్టాండర్డ్ ఇంకా రాలేదు కాబట్టి, ఆ 467.19 ఎవరిదో నేను ప్రస్తుతానికి చెప్పను.